డిటెక్టర్ బిగించడం ఒక ఎత్తు, దాని కూత చెవిన పడడం ఒక ఎత్తు

బండి – బాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చలి తగ్గింది. గ్యారేజీల్లో కవర్లు కప్పి పెట్టిన టూరింగ్ బండ్లన్నీ మళ్లీ రోడ్డెక్కుతున్నాయి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం రాడార్ డిటెక్టర్ (పోలీసులు వేగం కొలవడానికి వదిలే రాడార్ తరంగాలను పసిగట్టి కూసే చిన్న డబ్బా) గురించే కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. నేను విజయవాడ ఆటోనగర్లో పెరిగినవాణ్ణి. మా నాన్నగారిది సెల్ఫులు, డైనమోలు బాగుచేసే షాపు. వైరింగ్ అక్కడే నేర్చుకున్నాను, ఇప్పుడు నార్త్ కరోలినాలో ఉంటూ బండ్ల వైరింగ్ పనులే చేస్తున్నాను. అందుకే తీగల గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

ప్రశ్న: అన్నా, నమస్తే. షార్లెట్‌లో ఉంటాను. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో హోండా గోల్డ్ వింగ్ మోటార్‌సైకిల్ కొన్నాను. మే నెలలో మా ఫ్రెండ్స్‌తో బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీదుగా వర్జీనియా దాకా వెళ్దామని ప్లాన్. కారులో వాడే రాడార్ డిటెక్టర్ నా దగ్గర ఉంది. దాన్నే బండికి పెట్టుకోవచ్చా? కరెంటు ఎక్కడినుంచి తీసుకోవాలి? నేనే బిగించుకోగలనా, షాపుకి ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: తమ్ముడూ, బిగించుకోగలవు. పానా, స్క్రూడ్రైవర్ పట్టే అలవాటుంటే ఒక ఆదివారం మధ్యాహ్నం పని. కానీ నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. ముందు దాని సంగతి చూద్దాం: ఆ డిటెక్టర్ కూసినప్పుడు నీకెలా తెలుస్తుంది?

కారు డిటెక్టర్లోని స్పీకర్ అద్దాలు ఎత్తిన కారు కోసం చేసింది. 65 మైళ్ల వేగంలో, హెల్మెట్ లోపల, చెవుల్లో ఇయర్‌ప్లగ్స్‌తో ఉన్న మనిషికి ఆ కూత వినబడదు. (ఇయర్‌ప్లగ్స్ తప్పకుండా పెట్టుకో. రోజంతా ఆ గాలి హోరులో ఉంటే వినికిడి దెబ్బతింటుంది.) ఇక మిగిలేది దాని మీది చిన్న లైటు. ఎండలో అది కనబడాలంటే తల దించి చూడాలి. 60 మైళ్ల వేగంలో బండి సెకనుకు 88 అడుగులు పోతుంది. రెండు సెకన్లు కిందికి చూశావంటే 176 అడుగులు ముందేముందో చూడకుండా నడిపినట్టే. టికెట్ తప్పించుకోవడానికి పెట్టుకున్న వస్తువు నీ కళ్లను రోడ్డు మీదనుంచి పక్కకు లాగితే అది నీ బండి మీద ఉండకూడదు. ఈ విషయంలో నేను రాజీపడను.

కాబట్టి శబ్దాన్ని హెల్మెట్‌లోకి తేవాలి. ఇప్పుడొచ్చే మంచి డిటెక్టర్లు, అంటే వాలెంటైన్ వన్ రెండో తరం, ఎస్కార్ట్ కంపెనీ ఖరీదైన మోడళ్లు, బ్లూటూత్‌తో ఫోన్‌లోని యాప్‌కి కలుస్తాయి. ఫోన్ ఎలాగూ నీ హెల్మెట్‌లోని సేనా, కార్డో లాంటి బ్లూటూత్ హెడ్‌సెట్‌కి కలిసే ఉంటుంది. అలర్ట్ ఫోన్ దాకా వచ్చి, అక్కడినుంచి చెవిలో పడుతుంది. నేను అందరికీ చెప్పే పద్ధతి ఇదే, ఎందుకంటే హెల్మెట్‌కీ బండికీ మధ్య తీగ ఉండదు. నీ డిటెక్టర్ పాతదై బ్లూటూత్ లేకపోతే దాని పక్కన ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే చిన్న రంధ్రం ఉందేమో చూడు. ఉంటే అక్కడినుంచి బండి ఆడియోలోకి తీగ లాగొచ్చు. అయితే డిటెక్టర్‌కీ ఆడియోకీ రెండు వేరువేరు చోట్ల ఎర్త్ తగిలితే హెల్మెట్‌లో ‘గుయ్’మని సన్నటి మోత మొదలవుతుంది, ఇంజన్ వేగంతో పాటు అదీ పెరుగుతుంది. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా అమ్ముతారు, మధ్యలో అది పెడితే పోతుంది. బ్లూటూతూ లేక, ఆ రంధ్రమూ లేకపోతే ఆ డిటెక్టర్‌ని కారులోనే ఉంచు, బండికి వద్దు.

ఇంకో మాట. కొన్ని రాష్ట్రాల్లో రెండు చెవులకూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడపడం నేరం. కాలిఫోర్నియా వాటిలో ఒకటి. నువ్వు తిరగబోయే రాష్ట్రాల రూల్ బయల్దేరే ముందే చూసుకో.

చెవికి చేరిందో లేదో పరీక్షించడానికి పోలీసు కారు కోసం వెతకక్కర్లేదు. ఏదైనా సూపర్ మార్కెట్ ముందుకెళ్లి, దానంతటదే తెరుచుకునే తలుపుకి ఎదురుగా బండి ఆపు. చాలా తలుపుల మీద ఉండే సెన్సర్ కె బ్యాండ్ రాడారే, అంటే పోలీసు రాడార్లు వాడే తరంగాల్లో ఒక రకం. ఇంజన్ నడుస్తూ, హెల్మెట్ పెట్టుకుని, పాట పెట్టుకుని ఉండగా అలర్ట్ పాటను తోసుకుని వినబడాలి. పాట కింద నలిగిపోయిందంటే యాప్‌లో సౌండు సరిచేసుకో.

ఇప్పుడు ఎక్కడ పెట్టాలో చెబుతాను. డిటెక్టర్ ముఖం రోడ్డు వైపు, తిన్నగా, నేలకు సమాంతరంగా ఉండాలి. బండి ముందు అద్దం ప్లాస్టిక్ కాబట్టి రాడార్ తరంగాలు దానిలోంచి హాయిగా వస్తాయి. లోహంలోంచి మాత్రం రావు. ఫోన్ హోల్డరు, జీపీఎస్, అద్దాన్ని పట్టుకునే ఇనప బ్రాకెట్టు, ఇవేవీ డిటెక్టర్ ముందు అడ్డం ఉండకూడదు. పోలీసుల లేజర్ గన్‌ని పసిగట్టే కన్ను డిటెక్టర్‌లో వేరే ఉంటుంది. దానికి వెలుతురు దారి కావాలి, ముదురు రంగు అద్దం వెనక దాని చూపు మందగిస్తుంది. హ్యాండిల్ మీద, క్లచ్ క్లాంప్ దగ్గర ఒక అంగుళం బంతి ఉన్న ర్యామ్ మౌంట్ పెట్టుకుంటే వంపు ఎలా కావాలంటే అలా సరిచేసుకోవచ్చు. పెట్టాక సీటు మీద కూర్చుని చూడు. మీటర్లు కనబడాలి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా ట్యాంకుకి గానీ అద్దానికి గానీ తగలకూడదు.

వెనకనుంచి వచ్చే రాడార్ విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకు. కారులో డిటెక్టర్ వెనక ఉన్నది గాజు. బండి మీద దాని వెనక ఉన్నది నువ్వు. మనిషి ఒళ్లంతా నీళ్లే, నీళ్లు ఈ తరంగాలను పీల్చేస్తాయి. వెనక సీట్లో ఇంకొకరు కూర్చుని, ఆ వెనక నిండు ట్రంకు ఉందనుకో, వెనక యాంటెన్నాకి దాదాపు ఏమీ అందదు. రాడార్ వెనకనుంచి వస్తోందని చూపే బాణం గుర్తు వెలగలేదు కదా అని ధీమా పడొద్దు.

ఇక కరెంటు. డిటెక్టర్ తీసుకునేది ఒక ఆంపియర్ లోపే. దీనికోసం బ్యాటరీ నుంచి రిలే పెట్టి లావు తీగలు లాగాల్సిన పని లేదు. కానీ కీ ఆపితే అదీ ఆగిపోయే సప్లై కావాలి. బ్యాటరీకి నేరుగా కలిపితే మర్చిపోయిన రోజు బ్యాటరీ దిగిపోతుంది. నీ బండి ఓనర్స్ మాన్యువల్ తెరిచి యాక్సెసరీ టెర్మినల్ ఎక్కడుందో, దానిమీద ఎన్ని ఆంపియర్ల దాకా వేయొచ్చో చూడు. పాత ఓనరు దానికి అప్పటికే ఫాగ్ లైట్లో, ఫోన్ చార్జరో తగిలించి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ టూరింగ్ బండి కొన్నవాళ్లు ముందు చేయాల్సిన పని సీటు తీసి, పక్క మూతలు విప్పి, పాత ఓనర్ల చేతిపని అంతా చూడడం. ఎక్కడైనా టేపు చుట్టిన ముడి కనబడితే విప్పు. ఎండకు జిగురు కరిగి టేపు ఊడి, లోపల రాగి పచ్చబడి ఉంటుంది.

మా నాన్నగారు షాపులో కొత్త కుర్రాడికి మొదట చేతికిచ్చేది టెస్ట్ ల్యాంపు. తీగ కోసే ముందు ల్యాంపు పెట్టి చూడమనేవారు: కీ వేస్తే వెలగాలి, తీస్తే ఆరాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి. ఇప్పుడు నా చేతిలో మల్టీమీటర్ ఉన్నా చూసే వరస అదే. నువ్వూ అలాగే చెయ్యి.

సప్లై దొరికిన చోటే, వీలైనంత మొదట్లోనే, 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. ఫ్యూజు డిటెక్టర్ దగ్గర పెట్టి ఉపయోగం లేదు, ఎందుకంటే అది కాపాడేది తీగని. మధ్యలో ఎక్కడో తీగ ఒరుసుకుని ఫ్రేముకి తగిలితే, ఫ్యూజు మొదట్లో ఉంటేనే కాలుతుంది. లేకపోతే తీగ కాలుతుంది, పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంది. 18 గేజి తీగ చాలు. ఉన్న తీగను కొరికి పట్టే ప్లాస్టిక్ క్లిప్పులు వాడకు. అవి రాగి పోగుల్ని సగం తెంపుతాయి, బండి అదురుకి మిగతా సగం తెగుతాయి. చక్కగా క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి వేడి చెయ్యి. స్లీవ్ రెండు చివర్లా జిగురు సన్నటి గీతలా బయటికి ఉబికి రావాలి. అప్పుడే లోపలికి నీళ్లు పోవని లెక్క.

తీగ చెడేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట: హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర. అక్కడ బిగుతుగా లాగితే ప్రతి మలుపులో తీగ సాగుతుంది, మరీ వదులుగా వదిలితే ఫోర్కు మధ్య ఇరుక్కుంటుంది. ఫ్యాక్టరీ వైర్ల కట్ట ఎటు పోతే దానితోనే పోనివ్వు, మెడకు ముందూ వెనకా జిప్ టై వేసి మధ్యలో చిన్న వంక వదులు. తర్వాత హ్యాండిల్ ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పుతూ వేలితో తీగను పట్టుకుని చూడు. ఎక్కడా గట్టిపడకూడదు.

డిటెక్టర్‌కి వెళ్లే చివర టెలిఫోను పిన్నులాంటి ప్లగ్గు ఉంటుంది. ఒక కంపెనీ తీగని ఇంకో కంపెనీ డిటెక్టర్‌కి పెట్టొద్దు. గుచ్చడానికి సరిపోయినా లోపల ప్లస్సూ మైనస్సూ అదే చోట ఉంటాయన్న గ్యారంటీ లేదు.

చివరిగా మీ మే నెల ప్రయాణం గురించి. వర్జీనియాలో డిటెక్టర్ నిషేధం. పార్క్‌వే మైలురాళ్ల లెక్క వర్జీనియా వైపునుంచి మొదలై చెరోకీ దగ్గర 469తో ముగుస్తుంది. మీరు దక్షిణం నుంచి వెళ్తారు కాబట్టి అంకెలు తగ్గుతూ వస్తాయి. 217 దగ్గర రాష్ట్రం మారుతుంది. సరిహద్దుకి కాస్త ముందే కంబర్లాండ్ నాబ్ అని ఆగడానికి మంచి చోటుంది. అక్కడ డిటెక్టర్ ఊడదీసి పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. ఒక్క మీట నొక్కితే ఊడొచ్చే మౌంట్ తీసుకోమనేది ఇందుకే. నిజానికి పార్క్‌వే మీద గరిష్ఠ వేగం 45 మైళ్లే. ఆ రోడ్డు మీద నీకు పనికొచ్చేది మంచి టైర్లు, మంచి బ్రేకులు.

ప్రశ్న: నాది హార్లీ రోడ్ గ్లైడ్. వర్జీనియాలో డిటెక్టర్ వాడకూడదని తెలుసు. కానీ ఫెయిరింగ్ (బండి ముందుండే ప్లాస్టిక్ తొడుగు) లోపల దాచి బిగిస్తే బయటికి కనబడదని, ఎవరికీ తెలియదని మా గ్రూపులో ఒకతను అంటున్నాడు. లైటు కూడా లేకుండా హెల్మెట్‌లోనే వినబడుతుందట. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, యాష్‌బర్న్, వర్జీనియా

జవాబు: వద్దండి. మీ మంచి కోరి గట్టిగానే చెబుతున్నాను.

వర్జీనియా చట్టం 46.2-1079 సెక్షను ప్రకారం బండిలో పనిచేసే డిటెక్టర్ ఉండడమే తప్పు, మీరు స్పీడుగా వెళ్లారా లేదా అన్నది తర్వాతి మాట. కరెంటు లేకుండా, నడిపేవాళ్లకు గానీ వెనక కూర్చున్నవాళ్లకు గానీ చేతికి అందని చోట ఉంటేనే మినహాయింపు. ఫెయిరింగ్ లోపల తీగ కలిపి బిగించింది ఆ మినహాయింపులోకి రాదు. కనబడదు అన్న మాట కూడా పూర్తి నిజం కాదు. ఈ డిటెక్టర్లు పనిచేయాలంటే లోపల అవే ఒక చిన్న తరంగం పుట్టించుకుంటాయి, అది కొంత బయటికి కారుతుంది. ఆ కారే తరంగాన్ని పట్టే యంత్రాలు పోలీసుల దగ్గర ఉన్నాయి. డిటెక్టర్‌ని పట్టే డిటెక్టర్ అన్నమాట.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. వర్జీనియాలో లిమిట్ కన్నా 20 మైళ్లు పైన గానీ, లిమిట్ ఎంతయినా సరే 85 మైళ్లు దాటి గానీ వెళ్తే అది రెక్‌లెస్ డ్రైవింగ్. మామూలు ట్రాఫిక్ టికెట్ కాదు, క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. యాష్‌బర్న్, హెర్న్‌డన్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది హెచ్1బీ మీదో, గ్రీన్ కార్డు లైన్లోనో ఉన్నవాళ్లు. ఇమిగ్రేషన్ ఫారాల్లో క్రిమినల్ కేసుల గురించి అడిగే చోట కోర్టు కాగితాలతో సహా సమాధానం చెప్పుకోవడం ఎంత టెన్షనో చూసినవాణ్ణి. అలాంటిది జరిగితే ముందు ట్రాఫిక్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడండి, ఆ తర్వాతే ఏదైనా ఒప్పుకోండి.

వాషింగ్టన్ డీసీలో కూడా నిషేధమే. మేరీలాండ్ వైపు వెళ్తూ అటునుంచి అటు దాటుతారు కదా, గుర్తుపెట్టుకోండి. కెనడా టూరు వేసుకునేవాళ్లకు: బ్రిటిష్ కొలంబియా, అల్బర్టా, సస్కాచెవాన్ తప్ప అంటారియో, క్విబెక్ లాంటి చోట్ల డిటెక్టర్ వాడకూడదు. నయాగరా దగ్గర వంతెన దాటే ముందు బండి మీద ఏముందో చూసుకోండి. ఇక రాడార్‌ని పనిచేయకుండా చేసే జామర్లు అమెరికా అంతటా ఫెడరల్ నేరం. ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా ముట్టుకోవద్దు.

ప్రశ్న: బీఎండబ్ల్యూ కె1600 వాడుతున్నాను. హెడ్‌లైట్ తీగ నుంచి కరెంటు తీసుకుంటే సులువని ఒకరన్నారు. వారంటీ ఏమైనా పోతుందా?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: హెడ్‌లైట్ తీగ జోలికి వెళ్లొద్దండి. మీ బండిలో క్యాన్ బస్ వైరింగ్. ఏ లైను ఎంత కరెంటు తీసుకుంటోందో బండి కంప్యూటరు చూస్తూ ఉంటుంది. మీరు మధ్యలో ఇంకో వస్తువు కలిపితే తేడా గమనించి మీటరు మీద వార్నింగ్ చూపించొచ్చు, ఆ లైను ఆపేయొచ్చు కూడా. రాత్రి హైవే మీద హెడ్‌లైట్ లైనుతో ఆ పని జరగకూడదు. వారంటీ గొడవ ఎలాగూ వస్తుంది.

మీ బండికి యాక్సెసరీ సాకెట్టు ఉంది కదా. సన్నటి డిన్ ప్లగ్గు దొరుకుతుంది, దానికి డిటెక్టర్ తీగ కలుపుకోండి, ఫ్యూజు మాత్రం మర్చిపోవద్దు. డిటెక్టర్ తీసుకునేంత కొద్ది కరెంటుకి ఆ సాకెట్టు ఏమీ అనదు. కీ తీశాక కూడా కాసేపు సాకెట్టులో కరెంటు ఉండి, తర్వాత దానంతటదే ఆగుతుంది. అది రిపేరు కాదు, బండి పద్ధతే అంత. వేడి జాకెట్టు కూడా అదే సాకెట్టుకి పెట్టాలనుకుంటే కుదరదు. దానికి రిలేతో విడిగా ఫ్యూజు బాక్సు పెట్టుకోవాలి, ఆ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి.

ప్రశ్న: కొన్నది మంచి కంపెనీదే, కానీ ఊళ్లోకి వస్తే చాలు ఆగకుండా కూస్తోంది. విసుగొచ్చి ఆపేస్తున్నాను. బిగించడంలో తేడా ఏమైనా ఉందా?
– అట్లాంటా నుంచి

జవాబు: బిగించడంలో తేడా కాదు, సెట్టింగుల్లో. పోలీసు రాడార్లు మూడు బ్యాండ్లలో వస్తాయి. ఎక్స్ బ్యాండ్ 10.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, పాతది, ఇప్పుడు బాగా తగ్గిపోయింది. కె బ్యాండ్ 24 దగ్గర. కెఎ బ్యాండ్ 33.4 నుంచి 36 మధ్య. మీ పక్కన వెళ్లే కార్లలో పక్క లైన్లో బండి ఉందని అద్దంలో లైటు వెలిగించే సెన్సర్లు చాలావరకు కె బ్యాండ్ చుట్టుపక్కలే పనిచేస్తాయి. ట్రాఫిక్‌లో మీ చుట్టూ అలాంటి కార్లు పది ఉంటే డిటెక్టర్ ఊరుకుంటుందా? కె ఫిల్టరు ఆన్ చేయండి, ఎక్స్ బ్యాండ్ ఆపేయండి. జీపీఎస్ ఉన్న మోడల్ అయితే రోజూ వెళ్లే దారిలో కూసే షాపు తలుపుల్ని లాకౌట్ చేసుకోవచ్చు, అంటే ఆ చోట ఇక కూయదు.

కెఎ కూసిందంటే మాత్రం నిజమని నమ్మండి. ఆ బ్యాండ్‌లో ఉత్తుత్తి కూతలు చాలా తక్కువ. వెంటనే సడన్ బ్రేకు కొట్టకండి, వెనకవాడు మీ మీదికొస్తాడు. యాక్సిలరేటర్ వదిలి, మీటరు చూసుకుని, మెల్లగా తగ్గండి.

రాడార్ పనిచేసే తీరు తెలిస్తే దాని హద్దులు కూడా అర్థమవుతాయి. తరంగం బండికి తగిలి వెనక్కి వచ్చేటప్పుడు దాని ఫ్రీక్వెన్సీ కొద్దిగా మారుతుంది. కె బ్యాండ్‌లో అయితే గంటకు ఒక్కో మైలు వేగానికి సుమారు 72 హెర్ట్జ్. దాన్ని లెక్కపెట్టి మీ వేగం చెబుతుంది. పోలీసాయన గన్ను ఆన్ చేసి కూర్చుంటే ఆ తరంగాలు రోడ్డంతా పరుచుకుని, మీకంటే ముందున్న కార్ల మీద తగిలి చెదిరి, చాలా దూరం నుంచే మీ డిటెక్టర్‌కి అందుతాయి. అదే గన్ను ఆపి ఉంచి, మీరు ఎదురుగా వచ్చాకే ఒక్క క్షణం నొక్కితే? ముందు ఇంకే బండీ లేకపోతే మీకు ముందస్తు హెచ్చరిక రాదు. ఖాళీ రోడ్డు మీద అన్నిటికన్నా ముందు మీరే వెళ్తున్నప్పుడు డిటెక్టర్ మీద భరోసా పెట్టుకోకండి.

అసలు తరంగమే వాడని పద్ధతులూ ఉన్నాయి. పెన్సిల్వేనియాలో లోకల్ పోలీసులు రోడ్డు మీద గీతలు గీసి, ఒక గీతనుంచి ఇంకో గీతకు బండి ఎంతసేపట్లో వచ్చిందో చూసి వేగం లెక్కకట్టడం ఏళ్ల తరబడి ఉన్నదే. వెనకే వచ్చి తన మీటరు చూసి రాసే ఆఫీసరూ ఉంటాడు. వీటికి ఏ డిటెక్టరూ కూయదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మావారు టూరింగ్ బండి కొన్నారు. ఇప్పుడు దానికి 600 డాలర్ల డిటెక్టర్ కావాలంటున్నారు. అది పెట్టుకుంటే స్పీడు ఇంకా పెంచుతారని నా భయం. వద్దనమంటారా?
– ఒక సోదరి, కేరీ, నార్త్ కరోలినా

జవాబు: చెల్లెమ్మా, మీ భయంలో నిజముంది. డిటెక్టర్ ఉంది కదా అని 90లో వెళ్లేవాళ్లను నేను చూశాను, వాళ్లతో కలిసి రైడ్‌కి వెళ్లను. ఈ వస్తువుకి గిరాకీ పెరిగిందే అలాంటి కాలంలో. 1974లో పెట్రోలు కొరత వల్ల దేశమంతా 55 మైళ్ల లిమిట్ పెట్టారు. ఖాళీ హైవేల మీద కూడా అదే లిమిట్ కావడంతో జనానికి డిటెక్టర్ల మీద మోజు పుట్టింది. ఎస్కార్ట్ అన్న పేరుతో ఒహాయోలో 1978లో వచ్చిన డిటెక్టర్ అప్పట్లో పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ జాతీయ లిమిట్ 1995లో ఎత్తేశారు.

న్యాయంగా నడిపేవాళ్లకు కూడా దీనితో పని ఉంటుంది. చిన్న ఊళ్ల గుండా పోయే రోడ్ల మీద 55 ఉన్న లిమిట్ ఊరి మొదట్లో 35కి పడిపోతుంది. కొత్త దారి, చెట్టు చాటున బోర్డు, కాస్త పరధ్యానం. అప్పుడు చెవిలో కూత పడితే మనిషి ఉలిక్కిపడి మీటరు చూసుకుంటాడు. నా బండి మీద అది ఉన్నది అందుకే.

మీవారితో ఇలా అనండి. ముందు మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ కోర్సు పూర్తిచెయ్యండి, పాదాల నుంచి మెడ దాకా మంచి గేరు కొనుక్కోండి, టైర్ల వయసు చూడండి. ఆ తర్వాత డబ్బు మిగిలితే డిటెక్టర్ మాట మాట్లాడుకుందాం అని. పెద్ద బండి కొత్తగా కొన్నవాళ్లకు, సామాన్లతో, వెనక మనిషితో, మలుపులో ఆ బరువును ఆపడం తెలియడానికే ఒక సీజన్ పడుతుంది. వీలైతే మీరూ ఒక రోజు వెనక కూర్చుని వెళ్లండి. ఆయన ఎలా నడుపుతున్నారో అంచనాకి రావడానికి అంతకు మించిన దారి లేదు.

ప్రశ్న: భయ్యా, హైదరాబాద్ నుంచి రాస్తున్నా. నా దగ్గర ఇంటర్‌సెప్టర్ 650 ఉంది, విజయవాడ హైవే మీద తరచూ వెళ్తుంటాను. చలాన్లు తెగ వస్తున్నాయి. మా అన్నయ్య అమెరికా నుంచి వస్తున్నాడు, ఒక డిటెక్టర్ తెప్పించుకోనా?

జవాబు: వద్దు తమ్ముడూ, డబ్బు దండగ. మన దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఎక్కువగా వాడేది లేజర్ గన్. రాడార్ రోడ్డంతా పరుచుకుంటే లేజర్ సన్నటి గీతలా వచ్చి నీ ఒక్క బండికే తగులుతుంది. వెయ్యి అడుగుల దూరంలో కూడా దాని వెడల్పు సుమారు మూడడుగులే. క్షణంలో వేగం కొలిచేస్తుంది, ఫోటో కూడా పడిపోతుంది. నీ డిటెక్టర్ కూసేది ఆ తర్వాతే. అంటే అది చేసేది చలానా వస్తోందని ముందే కబురు చెప్పడం మాత్రమే.

డివైడర్ ఉన్న నాలుగు లైన్ల హైవే మీద కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం కార్లకు గంటకు 100 కిలోమీటర్లు, మోటార్‌సైకిళ్లకు 80. బోర్డు మీద ఇంకా తక్కువ ఉంటే అదే లెక్క. చాలామంది కార్లతో సమానంగా వెళ్తున్నాం కదా అనుకుని దొరుకుతారు. ఆ డబ్బుతో మంచి హెల్మెట్ తెప్పించుకో. మీ అన్నయ్యకు నీ తల కొలత సెంటీమీటర్లలో పంపు, కంపెనీల మధ్య సైజులు కలవవు.

ప్రశ్న: వానలో డిటెక్టర్ ఏం చేయాలి? ఎండలో పార్క్ చేస్తే పాడవుతుందా?
– హ్యూస్టన్

జవాబు: కారు డిటెక్టర్లకు వాన పడదు. చినుకు మొదలవగానే ప్లగ్గు తీసి, డిటెక్టర్ జేబులోనో పెట్టెలోనో వేసుకోండి. బండి మీద మిగిలిన ప్లగ్గు చివర కిందికి వేలాడేలా ఉంచి, చిన్న రబ్బరు టోపీ తొడగండి, లేకపోతే ఆ సన్నటి పిన్నుల మీద పచ్చ తుప్పు పడుతుంది. తగరం రేకు లాంటి మెరుపున్న కవర్లు కప్పకండి, వాటిలోంచి రాడార్ రాదు. పల్చటి ప్లాస్టిక్ జిప్ సంచి అయితే పర్వాలేదు, కానీ ఎండలో దాన్ని తీసేయాలి, లోపల వేడి బయటికి పోదు. మీ హ్యూస్టన్ ఎండకి నల్లటి డబ్బా అద్దం వెనక గంటసేపు ఉంటే చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. భోజనానికి ఆగినప్పుడు వెంట తీసుకెళ్లండి, దొంగల బెడదా ఉండదు. కంపెనీ వాన తట్టుకుంటుందని రాసిన మోడల్ అయినా సరే, ప్రెషర్ వాషర్‌తో బండి కడిగేటప్పుడు మాత్రం ముందు దాన్ని ఊడదీయండి.